ఖాళీ కుర్చీల లెక్క

సావనీర్‌కి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు "దేని మీద?" అన్నాను. "నువ్వు ఎకనామిక్స్ గదా, బడ్జెట్ మీద రాయి" అన్నాడు. బడ్జెట్ మీద రాస్తే నేనూ, అచ్చుతప్పులు దిద్దేవాడూ తప్ప ఎవరు చదువుతారు? పాత సంచికలు తిరగేశాను. స్త్రీవిద్య ఉంది, జాతీయ సమైక్యత ఉంది, పర్యావరణం రెండుసార్లు ఉంది. హాస్టల్లో రాత్రి పదింటి తర్వాత ఏ గదిలోకి తొంగిచూసినా వినిపించే సంగతి మాత్రం ఎక్కడా లేదు. అందుకని సినిమా గురించి రాస్తున్నాను. ఏ హీరో గొప్ప అనే తగువులోకి మాత్రం నన్ను లాగకండి. నేను రాసేది సినిమాకు పోవడం గురించి, సినిమా చూపించి బతికేవాళ్ళ గురించి.

ముందుగా మొన్నటి సంగతి ఒకటి చెప్పాలి. మంగళవారం మధ్యాహ్నం క్లాసు లేదు. పదకొండు మందిమి కలిసి నగరంలోని ఒక పాత హాలుకు మ్యాట్నీకి పోయాం. పేరెందుకు లెండి, అట్లాంటి హాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. బుకింగ్‌లో కూర్చున్న పెద్దమనిషి మమ్మల్ని లెక్కపెట్టి, "పదిహేను మంది కావాలమ్మా, లేకపోతే ఆట పడదు" అన్నాడు. సరే, చూద్దామని మెట్ల మీద కూర్చున్నాం. రెండున్నరకు ఒక ముసలి దంపతులు వచ్చారు. పదమూడు. మాలో ఒకడు లేచి, ఆ రెండు టికెట్లూ మేమే కొంటామన్నాడు. మేనేజరు బయటికి వచ్చి, "రెండు టికెట్ల సంగతి కాదు బాబూ, పదిహేను మందైనా కరెంటు ఖర్చు కూడా రాదు, పొద్దుటాట కూడా ఆపేశాం" అని డబ్బులు తిరిగి చేతిలో పెట్టాడు. కసిరి చెప్పలేదు. కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. ముసలాయన మాత్రం, "ఎండలో అంత దూరం నుంచి వచ్చాం" అని రెండుసార్లు అన్నాడు.

ఇదే హాలు దగ్గర పన్నెండు రోజుల కిందట ఇదే సినిమాకు టికెట్ దొరకలేదు. గేటు దగ్గర తోపులాట, పాలాభిషేకం, డప్పులు. పెంచిన రేటు పెట్టి చూసినవాళ్ళు మా క్లాసులోనే ఆరుగురున్నారు. పన్నెండు రోజుల్లో ఏమైంది? సినిమా మరీ చెడ్డదేమీ కాదని ఆ ఆరుగురే చెప్పారు. మరి జనం ఏమయ్యారు?

ఈ ప్రశ్న నన్ను అంతగా పట్టుకోవడానికి సొంత కారణం ఒకటుంది. మా నాయిన సినిమా ఆపరేటరు.

మాది కండ్లకోయ. మీలో చాలామందికి ఔటర్ రింగ్ రోడ్డు బోర్డు మీద పేరుగానే తెలుసు. నాగపూరు రోడ్డు మీద కొంపల్లి దాటి మేడ్చల్ పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీలు, అటవీశాఖ వాళ్ళ ఆక్సిజన్ పార్కు, ఔటర్ జంక్షను, గోదాములు. 2018 మే నెలలో ఆ జంక్షను తెరిస్తే ఔటర్ మొత్తం చుట్టు పూర్తయింది. నా చిన్నతనంలో ఇవేవీ లేవు. సినిమా అంటే మేడ్చల్ వైపు పోవాలి, లేదంటే 229 బస్సెక్కి సికింద్రాబాదు పోవాలి. తర్వాత కొంపల్లిలో సినీప్లానెట్ వచ్చింది. అది మా వాళ్ళకు చాలాకాలం సినిమాహాలుగా కాదు, అద్దాల మేడగానే తెలుసు. నాయిన పని చేసింది రోడ్డు పక్కనున్న ఒక మామూలు టాకీసులో. నేల, బెంచీ పోయి అన్నీ కుర్చీలే అయినా, ఊళ్ళోవాళ్ళు ముందు వరసలను "నేల" అనే పిలిచేవాళ్ళు.

ప్రొజెక్టరు గదిలోకి నన్ను ఎప్పుడో గాని రానిచ్చేవాడు కాదు. చిన్న గది, రెండు పెద్ద యంత్రాలు, వేడి, నూనె వాసన. ఒక్కో రీలు ఇరవై నిమిషాలలోపే అయిపోతుంది. ఒక యంత్రం మీద రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. ఆ చుక్క చూసి రెండో యంత్రం తిప్పాలి, రెండోసారి మెరిసినప్పుడు దీని వెలుగు మూసి దాని వెలుగు తెరవాలి. హాల్లో కూర్చున్నవాడికి ఏమీ తెలియకూడదు. తెలిసిందంటే ఆపరేటరు ఏమరిపాటుగా ఉన్నట్టే. "ఈలలు హీరోకు, తిట్లు నాకు" అనేవాడు నాయిన. రీలు తెగితే ఫిల్ము అతికించి మళ్ళీ నడిపేదాకా జనం కేకలు పెడుతూనే ఉండేవాళ్ళు. ఇంతకుముందు కాలంలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంటతో వెలుగు పుట్టించేవాళ్ళట. కడ్డీలు అరుగుతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి. నాయిన పని నేర్చుకున్నది ఆ మంట దగ్గరే. తర్వాత జినాన్ దీపాలు వచ్చాయి.

పెద్ద సినిమా వచ్చే రోజు పొద్దున ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, "బాక్సు వచ్చిందా?" బాక్సుతోపాటు డిస్ట్రిబ్యూటరు తరఫు మనిషి, రెప్రజెంటేటివు, వచ్చి వారమంతా బుకింగు గదిలో కూర్చునేవాడు. ఎన్ని టికెట్లు తెగాయి, ఏ తరగతిలో ఎంత వసూలు అని ఆట ఆటకూ లెక్క రాసి సంతకాలు పెట్టించుకునేవాడు. డీసీఆర్ అంటారు దాన్ని. ఎకనామిక్స్ అనే మాట తెలియకముందే నేను చూసిన మొదటి గణాంకాల పట్టిక అదే.

2012, 2013 ప్రాంతంలో రీళ్ళు పోయాయి. సినిమా ఉపగ్రహం ద్వారానో, హార్డ్ డిస్కు మీదనో వస్తుంది. తాళంచెవి లాంటి ఒక కోడు పంపిస్తారు, ఆ కోడు గడువు ఉన్నంతవరకే ఆట నడుస్తుంది. ప్రింటు ఖర్చు తగ్గింది, నిజమే. కాని ఆ సేవ అందించే కంపెనీలకు కట్టే రుసుము కొత్తగా వచ్చిపడింది. ఆ రుసుముల మీదే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సమ్మె కడితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారం దాకా హాళ్ళు మూతబడ్డాయి. ఇక నాయిన చేతిలో మిగిలింది ఒక బటను. "గిది నొక్కెతందుకు ముప్పై ఏండ్ల సర్వీసు ఎందుకు బిడ్డా?" అన్నాడొకసారి. 2020 మార్చిలో కరోనాకు మూసిన ఆ టాకీసు మళ్ళీ తెరవలేదు. ఇప్పుడది ఫంక్షన్ హాలు. తెర ఉన్న చోట పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కుర్చీలు వేస్తారు. నాయిన ఔటర్ పక్కన ఒక గోదాములో రాత్రి కాపలా ఉంటున్నాడు. సెకండ్ షో వదిలే వేళదాకా మెలకువగా ఉండడం ఆయనకు కొత్తేమీ కాదనుకోండి.

ఇదంతా చెప్పి సానుభూతి అడగడం నా ఉద్దేశం కాదు. యంత్రాలు మారతాయి, పనులు పోతాయి, ఆ సంగతి మా సిలబస్‌లోనే ఉంది. కాని ఆ టాకీసును యంత్రమేమీ చంపలేదు. అది డిజిటల్ అయ్యాక కూడా ఏడేళ్ళు నడిచింది. దాన్ని చంపింది లెక్క. ఆ లెక్క కొంచెం చూద్దాం.

ఐదు వందల కుర్చీల హాలు అనుకోండి. రోజుకు నాలుగాటలు, వారానికి పద్నాలుగు వేల కుర్చీలు అమ్ముకోవచ్చు. ఒకప్పుడు ఈ పద్నాలుగు వేలు వారాల తరబడి, నెలల తరబడి నిండేవి. లవకుశ 1963లో వచ్చినప్పుడు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారని మా నాయనమ్మ చెప్పేది. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైన కొత్తలో హాళ్ళు పల్చగానే ఉన్నాయి. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పారు, ఆ తర్వాత అది ఎట్లా ఆడిందో లోకానికి తెలుసు. ఆ చెప్పుకోవడానికి రెండు మూడు వారాలు వ్యవధి దొరికింది, అదీ అసలు విషయం. ఇప్పటి లెక్కలో శంకరాభరణం మొదటి సోమవారం నాడే హాళ్ళలోంచి లేచిపోయేది.

ఇప్పుడు సినిమా వ్యాపారమంతా మొదటి మూడు రోజులదే. శుక్రవారం, శనివారం, ఆదివారం. దొరికిన ప్రతి హాల్లోనూ ఒకే సినిమా వేస్తారు, రేటు పెంచుకోవడానికి ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకుంటారు, సోమవారానికి హాలు ఖాళీ. ఆ తర్వాత కొద్ది వారాలకే సినిమా ఫోనులోకి వస్తుంది. థియేటరుకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాలు ఉండాలని నిర్మాతలే 2022లో అనుకున్నారు. నాలుగు వారాలకే వచ్చేసిన సినిమాలు మీకే ఎన్నో గుర్తుంటాయి. నాలుగు వారాలు ఆగితే ఇంట్లో కూర్చుని చూడొచ్చని తెలిసినవాడు మూడో వారంలో మెట్లెక్కుతాడా?

ఇక వచ్చిన డబ్బు ఎట్లా పంచుకుంటారో చూడండి. మన దగ్గర చాలా సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకు మొదటి వారం అద్దె పద్ధతి. హాలుకు వారానికి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. హాలు పొంగిపొర్లినా అంతే. రెండో వారం వసూళ్ళు పడిపోగానే వాటా పద్ధతి మొదలవుతుంది. వచ్చినదాంట్లో ఇంత శాతం. అంటే నిండినప్పుడు అద్దె, ఎండినప్పుడు వాటా. మొదటి వారంలోనే సినిమా బోల్తాపడితే ఆ నష్టం డిస్ట్రిబ్యూటరు మోస్తాడు, అది ఒప్పుకోవాలి. కాని ఈ రోజుల్లో ఎంత బోల్తాపడే సినిమాకైనా మొదటి మూడు రోజులు ఎంతోకొంత వస్తుంది. ఏమీ రానిది ఆ తర్వాతే. ఆ "తర్వాత"ను హాలువాడి నెత్తిన పెట్టారు.

మల్టీప్లెక్సులకు ఈ బాధ లేదు. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ తగువు వచ్చి రెండు నెలలపాటు కొత్త సినిమాలు ఆగిపోయాయి. చివరికి కుదిరిన ఒప్పందంలో నిర్మాత వైపు వాటా మొదటి వారం నూటికి 50, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ పైన 30. సినిమా ఎంత ఎక్కువ కాలం ఆడితే హాలుకు అంత ఎక్కువ వాటా. ఆడించాలన్న ఆశ హాలువాడికి ఉంటుంది. మా రోడ్డు పక్క టాకీసుకు ఆ ఆశే లేకుండా పోయింది.

ఇవి నా సొంత ఊహలు కావు. 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులపాటు ఆటలు ఆపేసుకున్నాయి. జనం లేరు, ఎన్నికలు, క్రికెట్, పెద్ద సినిమా లేదు, నడిపితే నష్టం అని. ఎండాకాలం సెలవుల్లో సినిమాహాళ్ళు మూసుకున్నాయంటే మన తాతలు నమ్ముతారా? మరుసటేడు 2025 మే నెలలో ఎగ్జిబిటర్లంతా అద్దె వద్దు, శాతం కావాలి, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్ళు మూస్తామన్నారు. రాజకీయం కలిసింది, మాటలు పెరిగాయి, కమిటీ అన్నారు, మూత విరమించుకున్నారు. హాలువాళ్ళ గోడు కన్నా ఎవరు ఎవరిని ఏమన్నారనేదే పత్రికల్లో ఎక్కువ వచ్చింది.

(ఒక చిన్న పక్కదారి. ఈ వ్యాపారంలో మన ప్రాంతాన్ని ఇప్పటికీ "నైజాం ఏరియా" అనే అంటారు. నిజాం రాజ్యం 1948లోనే పోయింది. రాయలసీమను "సీడెడ్" అంటారు. నిజాం ఆ జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు ధారపోసింది 1800లో. చరిత్ర శాఖవాళ్ళు ఎన్ని సెమినార్లు పెట్టినా నిలబెట్టలేని మాటలను సినిమా డిస్ట్రిబ్యూటర్లు నిలబెట్టారు.)

టికెట్ రేటు దగ్గరికి వద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఏసీ ఉన్న మామూలు హాలుకు 50 నుంచి 150 దాకా, మల్టీప్లెక్సుకు 100 నుంచి 250 దాకా, పైన జీఎస్టీ అని ఉంది. గమనించారా, కిందిగీత, పైగీత, రెండూ ఉన్నాయి. కిందిగీత మీద టికెట్ అమ్మిన హాలును మీరెప్పుడైనా చూశారా? పైగీతే రేటైపోయింది. 250 మీద పద్దెనిమిది శాతం కలిపితే 295. కోటి రూపాయల సినిమాకూ 295, మూడు వందల కోట్ల సినిమాకూ 295. పెద్ద సినిమాకైతే ఆ పైగీత కూడా చాలదు. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప రెండో భాగం ముందస్తు ఆటకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య దగ్గర తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది, కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. ఇకమీదట అదనపు ఆటలూ, పెంచిన రేట్లూ ఉండవని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పారు. నెల తిరక్కుండానే సంక్రాంతి సినిమాకు మళ్ళీ అనుమతి వచ్చింది, విమర్శలు వచ్చాక వెనక్కి తీసుకున్నారు.

ఆ తల్లి చావును నేను ఏ లెక్కలోనూ వెయ్యదలచుకోలేదు. ఒక్క మాట మాత్రం అంటాను. ఆ ఒక్క రాత్రికే అంత గిరాకీ ఎందుకు వచ్చింది? పది వారాలు తీరిగ్గా చూడాల్సిన జనాన్ని ఒక్క గేటు ముందర, ఒక్క గంటలో నిలబెట్టే వ్యాపారం అది. తొక్కిసలాట ఆ వ్యాపారం బయటినుంచి వచ్చిందని నేననుకోను.

రేటు తగ్గిస్తే జనం వస్తారా? మా లెక్చరర్లు దీన్నే డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. పరీక్షలో అందరం పప్పు, ఉప్పు ఉదాహరణలు రాస్తాం. 2022 సెప్టెంబరు 23న దేశంలో మల్టీప్లెక్సులు ఒక్క రోజు టికెట్ 75 రూపాయలకు ఇచ్చాయి. అది పండుగ కాదు, పెద్ద విడుదలా లేదు, శుక్రవారం. ఆ ఒక్కరోజు 65 లక్షల మంది చూశారని మల్టీప్లెక్సుల సంఘమే చెప్పింది. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? అంతెందుకు, 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ ఐదు శాతమే. వంద దాటితే పద్దెనిమిది. ప్రభుత్వం అంత తేడా పెట్టి వంద లోపు అమ్మండని చెబుతుంటే వినేవాళ్ళు లేరు.

రేటు మరీ తగ్గించినా ప్రమాదమే, ఆ పక్క కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పంచాయతీ ఊళ్ళలోని హాళ్ళలో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలుగా ఉత్తర్వు ఇచ్చారు. ఐదు రూపాయలకు ఇప్పుడు సమోసా కూడా రాదు. చాలా హాళ్ళు తాళాలు వేసుకున్నాయి. 2022 మార్చిలో దాన్ని మార్చి 20 నుంచి 250 దాకా చేశారు. హాలు నడవాలంటే కరెంటు బిల్లు, మనుషుల జీతాలు, లైసెన్సు ఫీజులు ఉంటాయి. ఖాళీ కుర్చీకి కూడా ఏసీ కావాల్సిందే.

తిండి సంగతి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. టికెట్ కన్నా పాప్‌కార్న్ ఎక్కువ. హాళ్ళవాళ్ళు బయటి తిండిని ఆపవచ్చు, తాగేనీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలి అని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీలో ఎంతమంది ఆ నీళ్ళు ఎక్కడున్నాయని అడిగారు? అడగండి, మూలన ఉంటాయి.

ఇప్పుడు మన వంతు. విద్యార్థులం మనం ఏదో అన్యాయానికి బలైనవాళ్ళలా మాట్లాడుకుంటాం. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపే మనిషిని హైదరాబాదు పోలీసులు పట్టుకున్న రోజున మన హాస్టల్లో సగంమంది అతని పక్షమే. "రేట్లు పెంచి దోచుకునేవాళ్ళను ఏమీ అనరు, ఫ్రీగా చూపించినవాణ్ణి పడతారా" అని. వినడానికి బాగానే ఉంది. కాని పెంచిన రేటు పెట్టి మొదటిరోజు గేటు విరగ్గొట్టుకుని పోయింది కూడా మనమే. అంటే మనకు నచ్చిన హీరో అయితే నెల మెస్ డబ్బులు ఖర్చుపెడతాం, మిగతా సినిమాలకు పైసా పెట్టం. పైగా దొంగ కాపీ నష్టపరిచేది మూడు వందల కోట్లవాణ్ణి కాదు. అతను శుక్రవారం నాడే గట్టున పడతాడు. నష్టపోయేది రెండో వారం మీద ఆశ పెట్టుకున్న చిన్న సినిమావాడూ, హాలువాడూ. నేనూ ఆ సైటులో చూశాను. నాయినకు తెలిసి ఏమీ అనలేదు. "తెర ఎంత పెద్దగున్నది?" అనడిగాడు అంతే. ఫోను చూపించాను. నవ్వాడు.

నిర్మాతల బాధ కూడా లేకపోలేదు. హీరోకు ఇచ్చేది పెరిగింది, వడ్డీలు పెరిగాయి, ఓటీటీ వాళ్ళు మొదట్లో ఎగబడి కొని ఇప్పుడు బేరమాడుతున్నారు. అయితే ఆ బరువంతా హాలు మీదికీ, హాల్లో కూర్చున్నవాడి మీదికీ తోసేయడం మాత్రం న్యాయం కాదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ఆడవాళ్ళు హాలుకు దూరం కావడం. నాయిన టాకీసులో ఆడవాళ్ళకు వేరే కౌంటరు ఉండేది. మ్యాట్నీ అంటే వాళ్ళదే. పొద్దున వంటలు ముగించుకుని పిల్లల్ని చంకనేసుకుని నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్ళు. ఇంటర్వెల్లో పల్లీలు, సోడా, వాళ్ళవాళ్ళ అత్తల కథలు. పల్లెలో ఆడమనిషి మగవాడి తోడు లేకుండా పోగలిగిన చోట్లు మూడే మూడు: గుడి, బావి, మ్యాట్నీ. బావులు బోర్లయ్యాయి. మ్యాట్నీ టీవీ సీరియల్ అయ్యింది, సీరియల్ ఫోను అయ్యింది. మా అమ్మ హాలుకు వెళ్ళి ఆరేళ్ళు దాటింది. కొంపల్లి పోదామంటే, "ముగ్గురికి తొమ్మిది వందలు, రానుపోను ఆటో, ఆ డబ్బుతో నూనె డబ్బా వస్తది" అంటుంది. ఆమెకు వ్యాకోచత్వం అనే మాట తెలియదు గాని, సంగతి తెలుసు.

జనానికి కలిసి చూడాలనే కోరిక చచ్చిపోయిందా అంటే, లేదు. 2023 మార్చిలో బలగం వచ్చింది. నెల తిరక్కుండానే ఓటీటీలోకి వచ్చింది కూడా. ఎవరింట్లో వాళ్ళు చూసుకోవచ్చు గదా? తెలంగాణ పల్లెల్లో ఏం చేశారు? గ్రామపంచాయతీ ముందర తెర కట్టి, చాపలు పరచుకుని ఊరంతా కూర్చుని చూశారు, కలిసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని కూడా పత్రికల్లో వచ్చింది. అనుమతి లేకుండా వెయ్యడం తప్పని నిర్మాణ సంస్థ తరఫున పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. చట్టం ప్రకారం అది సరైనదే. నేను చెప్పేది వేరు. ఆ ఊళ్ళలో ఒకప్పుడు టూరింగు టాకీసులైనా వచ్చేవి. అవి పోయాయి. హాళ్ళు పోయాయి. జనం పోలేదు. హాలు లేని ఊళ్ళో జనమే హాలు కట్టుకున్నారు. దాన్ని చూసి వ్యాపారం చేసేవాడు ఒక్కడికైనా, "ఇక్కడ ముప్పై రూపాయలకు అమ్మితే ఎంతమంది కొంటారు?" అనే ఆలోచన రావద్దా?

నగరంలో చూడండి. అమీర్‌పేట సత్యం ఉన్న చోట మల్టీప్లెక్సు వచ్చింది. సికింద్రాబాదు సంగీత్ పోయింది, బషీర్‌బాగ్ స్కైలైన్ పోయింది, క్రాస్‌రోడ్స్ ఓడియన్ పోయింది. సీట్లు తగ్గి రేట్లు పెరిగాయి. మల్టీప్లెక్సు మీద నాకు పగ లేదు, కుర్చీ బాగుంటుంది, శబ్దం బాగుంటుంది, ఆడపిల్లకు భయం ఉండదు. కాని అందులో నేలటికెట్ లేదు. ఒకే కప్పు కింద కూలివాడూ డాక్టరూ ఒకే చోట నవ్విన రోజులు పోయాయి. నేలా బాల్కనీ వేరువేరే, కాదనను. కాని నవ్వు మాత్రం ఒకేసారి వినబడేది. ప్రొజెక్టరు గది కంతలోంచి అది వింటూ నాయిన చెప్పేవాడు, "జనం బొమ్మ కోసమే రారు బిడ్డా, జనం జనం కోసం వస్తరు" అని.

మరి ఏం చెయ్యాలంటావు అని అడుగుతారు. ప్రభుత్వానికి సలహాలు చెప్పే అర్హత నాకు లేదు. చెప్పినా ఈ సావనీర్ సచివాలయం దాకా పోదు. అయినా రెండు మాటలు. పైగీత ఒక్కటే కాక, సోమవారం నుంచి గురువారం దాకా మ్యాట్నీకి వంద లోపు టికెట్ తప్పనిసరి అని ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చవచ్చు. ఖాళీగా పోయే కుర్చీయే గదా, ఎవరి సొమ్ము పోదు. మొదటి వారం నుంచే హాలుకు వాటా ఇచ్చే పద్ధతి రావాలి, అది వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాల్సింది.

మన చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది. మొన్న ఆట ఆపేసిన ఆ మేనేజరు దగ్గరికి మర్నాడు నేను మళ్ళీ వెళ్ళాను. "మా కాలేజీ నుంచి అరవై మంది వస్తే ఏ రేటుకు వేస్తారు?" అని అడిగాను. ఆయన కాగితం మీద లెక్క వేసుకున్నాడు. కరెంటు, మనుషులు, డిస్ట్రిబ్యూటరు వాటా. చివరికి, "డిస్ట్రిబ్యూటరును నేను ఒప్పిస్త, ఎనభై రూపాయలకు ఇస్త. కాని మంగళవారమే, మ్యాట్నీకే. శుక్రవారం లోపల డబ్బు కట్టాలె" అన్నాడు. పెద్ద హీరో సినిమా కాకపోయినా ఫరవాలేదన్నాను. "గదే నయం" అన్నాడు.

సంఘం ఏటా వార్షికోత్సవానికి డీజే పెట్టిస్తుంది. దాని ఖర్చు జనరల్ బాడీలో ఎప్పుడూ ఎవరూ అడగలేదు, నేనూ అడగను. వచ్చే ఏటి కార్యవర్గం నెలకు ఒక మంగళవారం ఈ పని పెట్టుకుంటే చాలు. ఎవరి టికెట్ వాళ్ళే కొనుక్కోవాలి, సంఘం చెయ్యాల్సింది పేర్లు రాసుకుని డబ్బు వసూలు చెయ్యడం ఒక్కటే. ముందుగా మొదటి మంగళవారానికి పేర్లు నేనే రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై మూడు వచ్చాయి. అందులో నలుగురు లెక్చరర్లు, ఇద్దరు పాత విద్యార్థులు. లేడీస్ హాస్టల్ నుంచి పంతొమ్మిది మంది.

నలభై నాలుగో పేరు మా నాయినది. కాపలా డ్యూటీ రాత్రి గనుక పగలు ఖాళీయేనట. పాసు ఇప్పిస్తానంటే వద్దని ఎనభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. ముప్పై ఏళ్ళకు పైగా హాల్లో పని చేసినవాడు టికెట్ కొనడం ఇదే మొదటిసారి. కూర్చునే సీటు మాత్రం ప్రొజెక్టరు గది కింద, చివరి వరసలో కావాలన్నాడు.